పక్కచూపుకీ ఓ లెక్కుంది!

"చూపు బాగానే ఉందిగా, ఇంకా పరీక్షలెందుకు?" అంటుంది 50 దాటిన మా వదిన. వాళ్లమ్మకి నీటికాసులతోనే చూపు పోయింది. అయినా అదే మాట. మా చిట్యాలలో చాలామంది ఆడవాళ్లదీ అదే ధోరణి.

నీటికాసులు, అంటే గ్లకోమా, ఎదుటి చూపును చివరిదాకా ముట్టుకోదు. పక్కచూపును కొద్దికొద్దిగా కాజేస్తుంది. 1996-2000 మధ్య హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు మహబూబ్‌నగర్ జిల్లాతో సహా నాలుగు ప్రాంతాల్లో పదివేల మందికి పైగా పరీక్షిస్తే, ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు!

దీన్ని పట్టిచ్చేది విజువల్ ఫీల్డ్ పరీక్ష. గిన్నెలాంటి యంత్రంలోకి చూస్తూ, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. సాధారణంగా చేసే ఓ పరీక్షలో 54 చోట్ల చూస్తారు. వయసుతో చూపు కాస్త మందగించడం మామూలే కదా! అందుకే 60 ఏళ్లావిడ ఫలితాన్ని, కళ్లు బాగున్న అదే వయసువాళ్ల లెక్కతోనే పోలుస్తారు.

రిపోర్టులో 5 శాతం గుర్తు పడిందంటే, మంచి కళ్లున్నవాళ్లలో నూటికి అయిదుగురికన్నా తక్కువమందికే ఆ చోట చూపు అంత తక్కువుంటుందని అర్థం. ఈ లెక్కన 54 చోట్లలో, జబ్బు లేకపోయినా రెండు మూడు గుర్తులు పడొచ్చు. ఒంటరి గుర్తుకి హడలిపోకండి. పక్కపక్కనే గుంపుగా పడితే, మళ్లీ చేసినా అక్కడే పడితే డాక్టర్లు అనుమానిస్తారు. మొదటిసారి తడబడటం సహజం కనుక, రెండోసారి రమ్మంటే "డబ్బు దండగ" అనుకోవద్దు.

పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవడానికి చుక్కల మందులున్నాయి. అమ్మకో, అక్కకో ఈ జబ్బుంటే, 40 దాటగానే మీరూ కళ్లు చూపించుకోండి.