వంకాయ నీడ ఏ రంగు?

ఆ వారం మా ఇంట్లో వంకాయ కూర వండలేదు. సోమవారంనాడు సరూర్‌నగర్ రైతుబజారులో ఏరి ఏరి తెచ్చిన అరకిలో వంకాయలూ మా అమ్మాయి గదిలో, ఇత్తడి చెంబు పక్కన, నా పోచంపల్లి చీర మీద పవ్వళించి ఉన్నాయి. ముట్టుకోవడానికి వీల్లేదు. శుక్రవారానికి బొమ్మ పూర్తయింది. అప్పటికి వంకాయల పనీ పూర్తయింది!

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఈ పేట సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఏ గోడ చూసినా కోచింగు బోర్డే, ఏ మేడ చూసినా హాస్టలే. ఉద్యోగాల పరీక్షలకనీ, కంప్యూటరు కోర్సులకనీ జిల్లాలనుంచి పిల్లలు ఇక్కడికి వస్తూంటే, ఇక్కడే పుట్టిన మా అమ్మాయి ఇంజనీరింగు వద్దు, బొమ్మల కాలేజీలో నాలుగేళ్ళ బి.ఎఫ్.ఏ. చదువుతానంది. మావారు రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజున ఒక్క ప్రశ్న వేశారు.

"బాపుగారు ఏ బొమ్మల కాలేజీలో చదివారే? ఆయన చదివింది లా!"

మాట నిజమే. బాపుగారు మద్రాసులో న్యాయశాస్త్రం పట్టా పుచ్చుకున్నారు. కాని మా అమ్మాయి తక్కువ తిన్నదా?

"మరి దామెర్ల రామారావుగారో? ఆయన బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు. ముప్పై నిండకుండానే, 1925లో పోయారు. అయినా రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆయన బొమ్మలు చూడాలని మమ్మల్ని గ్యాలరీకి తీసుకెళ్ళింది నువ్వే కదా నాన్నా! లక్ష్మాగౌడ్‌గారు, తోట వైకుంఠంగారు మన హైదరాబాదు సర్కారు కాలేజీలో మొదలుపెట్టే కదా బరోడా వెళ్ళిందీ!"

మావారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మా ఇంట్లో దానికి అర్థం ఒప్పుకున్నారని.

కాలేజీలో చేరగానే దేవతలనూ, కొండలనూ, కోనలనూ వేయిస్తారనుకున్నాను. మొదటి వారం ఇంటిపని ఏమిటో తెలుసా? వరుసగా తొమ్మిది గళ్ళు గీసి, ఒకే పెన్సిలుతో తెలుపునుంచి నలుపుదాకా మెట్టుమెట్టుగా నింపడం! ఐదో గడికీ ఆరో గడికీ తేడా తెలియడంలేదని నాలుగుసార్లు చెరిపింది. ఆ తరవాత ఎరుపు, పసుపు, నీలం మూడే తీసుకుని పన్నెండు రంగుల చక్రం. ఆపైన తన పాదం తానే చూసి వేసుకోవడం. ఇవికాక రోజుకు ఇరవై చిన్న బొమ్మలు, ఎక్కడ కూర్చుంటే అక్కడ. మా వైపు మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చింది. ఇప్పుడది మా అమ్మాయికి రెండో తరగతి గది. పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కునికే కోచింగు పిల్లలందరూ ఆవిడ నోటుబుక్కులో ఉన్నారు. "నిద్రపోయేవాళ్ళు మంచివాళ్ళమ్మా, కదలరు" అంటుంది.

ఇక వంకాయల సంగతి. నీడంటే నలుపే కదా, ఇన్ని రంగులు కలపడం దేనికన్నాను. "నల్లగా ఉందా? సరిగ్గా చూడు" అంది. వంగి చూశాను. నా చీర ఎరుపు వంకాయ అడుగు భాగాన మెరుస్తోంది. చీర మీద పడిన నీడలో ఎరుపూ ఉంది, నీలమూ ఉంది. పాతికేళ్ళుగా వంకాయలు తరుగుతున్నానే గాని, ఒక్కనాడూ చూడలేదని అప్పుడు తెలిసింది.

చదువు చాలదన్నట్టు సరదాలు కూడాను. చేర్యాల మాస్కులు చెయ్యాలని నేను దాచిన చింతగింజలన్నీ నానబెట్టి, రుబ్బి, ఉడికించింది. ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి కొబ్బరి చిప్ప మీద ముక్కూ నోరూ దిద్దుతారు. గిన్నె తోమింది మాత్రం నేనే. ఒకే రూపాన్ని మళ్ళీమళ్ళీ అల్లి నమూనా తయారుచెయ్యమన్నప్పుడు మా అత్తగారు, "ఓసి, ఇంతేనా!" అని పదిహేను నుంచి ఎనిమిది సందు చుక్క ముగ్గు నేలమీద వేసి చూపించారు. దానికి మంచి మార్కులొచ్చాయి. ఆవిడ వీధంతా చెప్పుకున్నారు.

రెండో నెలలో వచ్చింది చిక్కు. ఇంటర్‌లో ఉండగా మా మామగారి ఫోటో మీద గళ్ళు గీసుకుని, ఒక్కొక్క గడి చూసి పెన్సిలుతో పెద్ద బొమ్మ వేసింది. అచ్చం ఆయనే! చుట్టాలందరూ మెచ్చుకున్నారు, పటం కట్టించి హాల్లో పెట్టాం. దాన్ని క్లాసుకు తీసుకెళ్ళింది. మాష్టారొకరు చాలాసేపు చూసి, "ఈయన కళ్ళజోడు తీస్తే ఎలా ఉంటారు?" అని అడిగారట. జవాబు లేదు. గళ్ళు చూసింది గాని తాతయ్యను చూడలేదు. చూద్దామంటే ఆయన లేరు.

ఇంటికొచ్చి ఆ పటం తిప్పి గోడవైపు పెట్టింది. మూడురోజులు కాలేజీకి వెళ్ళలేదు. "నాకు బొమ్మలు రావమ్మా, నాన్న చెప్పిందే నిజం" అంది. మావారు ఇదే అదనని ఇంజనీరింగు మాట ఎత్తుతారేమోనని భయపడ్డాను. ఆయన ఏమీ అనలేదు. బ్లేడు తీసుకుని వరండాలో కూర్చుని, దాని పెన్సిళ్ళన్నీ సన్నగా చెక్కి పెట్టారు.

నాలుగోరోజు సాయంత్రం మా అత్తగారు దీపాల వత్తులు చేసుకుంటూంటే ఎదురుగా బోర్లా పడుకుని ఆవిడ చేతులు వెయ్యడం మొదలుపెట్టింది. మొదటి బొమ్మ చూసి, "అల్లం కొమ్ములా ఉందే!" అన్నారావిడ. మర్నాడు మళ్ళీ. కదలవద్దంటే, "కదలకపోతే వత్తులెవరు చేస్తారు?" అని గద్దింపు. పదిరోజులు పైన అలా సాగింది.

ఒకనాడు అత్తగారు బొమ్మ అందుకుని, "చిటికెనవేలు వంకరగా వేశావేం?" అన్నారు.

"అలాగే ఉంది నానమ్మా."

ఆవిడ తన చేయి దీపం దగ్గర పెట్టి చూసుకున్నారు. "కాపరానికి వచ్చిన కొత్తల్లో వడ్లు దంచుతూంటే రోకలి పడిందే. చెబితే తిడతారని గుడ్డ చుట్టుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నా మీ తాతయ్యకు కనబడలేదు" అని నవ్వారు.

"కళ్ళజోడు తీస్తే తాతయ్య ఎలా ఉండేవాడు నానమ్మా?"

"ముక్కుకు అటూ ఇటూ రెండు గుంటలుండేవి. కళ్ళు చిన్నవైపోయి, చిన్నపిల్లాడిలా..."

అమ్మాయి కొత్త కాగితం తీసింది. మావారు పేపరు కిందికి దించారు.

"ఎడమ కనుబొమ్మ మీద మచ్చ కూడా ఉండేది" అన్నారు.