కొళాయి పిడితో కుస్తీ ఎందుకురా?

ఏందిరా అబ్బయా, బాత్‌రూములో ఆ సుత్తి చప్పుడు? పిడి ఊడి రాలేదనా? ఆపు. వెనకటికి నేనూ ఇట్టానే కొట్టి గోడలో పైపు పగలేసుకున్నా. మీ అవ్వ ఇప్పటికీ దెప్పుతుంది. ఇట్టా వచ్చి కూర్చో.

మన మైపాడు గాలి సంగతి తెలిసిందే కదా. అలలు విరిగినప్పుడు లేచే తుంపర ఆరి, ఉప్పు రేణువై, కిటికీలోంచి దూరి కొళాయి మీద వాలుతుంది. వాలి ఊరుకుంటే బాగుండేది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికైతే 33 శాతం తేమే చాలు. ఇసకపల్లి మడుల నుంచి తెచ్చిన కల్లుప్పు జాడీలో చెమ్మగిల్లేది అందుకే. పొడిగా కనబడే కొళాయి మీద కూడా పల్చటి ఉప్పునీటి పొర ఉంటుందన్నమాట.

పిడికి పైన మెరిసేది క్రోమియం పూత, దాని కింద నికెల్, లోపల ఇత్తడి. దాన్ని పట్టి ఉంచేది చిన్న ఇనుప స్క్రూ. రెండు వేరు లోహాలు, మధ్యన ఉప్పునీరు. ఇంకేముంది, బ్యాటరీ తయారు! ఇనుము కరుగుతుంది, ఇత్తడి నిలుస్తుంది. అంత ఇత్తడికీ ఆ ఒక్క స్క్రూయే బలి కాబట్టి అది మరీ తొందరగా పోతుంది. పైగా తుప్పు తను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. మరల సందుల్లో ఉబ్బి కూర్చుంటుంది. నువ్వు కొడుతున్నది దాన్నే.

1824లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఈ బలి కిటుకునే ఓడలకు వాడాడు. ఓడ అడుగున రాగిరేకును సముద్రం తినకుండా ఇనుపముక్కలు తగిలించాడు. రాగి నిలిచింది. కానీ రాగి కరిగితేనే గదా గుల్లలూ నాచూ దూరంగా ఉండేది! అవన్నీ వచ్చి అతుక్కుని ఓడ నడకే మందగించింది.

సరే, పనిలోకి రా. ముందు గేట్ వాల్వ్ కట్టెయ్యి. పిడి నడినెత్తిన బొట్టుబిళ్ళలా ఉన్న మూతను బ్లేడుతో లేపు. ఆ తెల్ల పెచ్చు బోరునీళ్ళ సున్నం, ఆకుపచ్చది చిలుము. అవ్వ ఇత్తడి బిందెకు రాసే చింతపండు గుజ్జే రెండింటికీ మందు. పావుగంట ఉంచి కడిగెయ్యి. బ్లీచింగ్ పౌడరు మాత్రం పులుపుతో కలపొద్దు, విషవాయువు లేస్తుంది.

తర్వాత స్క్రూ చుట్టూ పల్చటి మిషను నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున వేడినీళ్ళలో ముంచిన గుడ్డ పిడికి చుట్టు. గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే బయటిదాన్ని వేడి చేస్తాం చూడు, అదే సూత్రం. డిగ్రీ వేడికి మీటరు ఇత్తడి ఇంచుమించు 19 మైక్రోమీటర్లు సాగితే, ఉక్కు 12 సాగుతుంది. ఈ చిన్న స్క్రూ దగ్గర ఆ తేడా వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేదు. అయినా తుప్పు అంటు చిట్లడానికి, నూనె దూరడానికి చాలు. చల్లారనిచ్చి మళ్ళీ వేడి చెయ్యి. స్క్రూను ముందు బిగించే వైపు కాస్త కదిపి, ఆ తర్వాత వదులు చెయ్యి. పిడిని లాగకు, అటూ ఇటూ ఆడించు.

వచ్చాక లోపలి ఇత్తడి ఎర్రగా, గుల్లగా కనిపిస్తే జింకు కారిపోయి ఉత్త రాగి మిగిలిందని అర్థం. అప్పుడు కొళాయే మార్చాలి. గట్టిగా పసుపుపచ్చగా ఉంటే కొత్త స్క్రూ చాలు, ఇత్తడిదే తీసుకురా. మరలకు కాస్త వాజలీను రాసి బిగిద్దాం.