ఎడమ కాలికి పని తప్పుతున్నది

పదేండ్ల కింద కార్ల షోరూంకు పోయినోళ్లు ‘మైలేజ్ ఎంత?’ అని అడిగేటోళ్లు. ఇప్పుడు దాని ఎంబడే ఇంకో మాట అడుగుతున్నరు, ‘ఆటోమేటిక్ల ఉన్నదా?’ అని. మన దేశంల ఇయ్యాల్టికి కూడ గేర్ కార్లే ఎక్కువ అమ్ముడు పోతున్నయ్. కని క్లచ్ పెడల్ లేని కార్ల వాటా పెరుగుకుంట వస్తున్నది. బండి నడిపి బతుకుదామనుకునే పల్లె పిల్లలకు ఈ మార్పుతోని ఏమైతదో చెప్పేటోళ్లు తక్కువ. కార్ల వీడియోలు తీసేటోళ్లు ‘మస్తు స్మూత్‌గ ఉన్నది’ అని చెప్పి ఊకుంటరు.

అసలు క్లచ్ ఎందుకున్నదో ముందుగాల చూద్దం. డీజిలైనా పెట్రోలైనా ఇంజన్‌కు ఒక గుణం ఉన్నది, అది సున్నా నుంచి లాగలేదు. బండి నిలబడి ఉన్నప్పుడు కూడ నిమిషానికి 700, 800 చుట్లు తిరుగుతనే ఉండాలె, లేకుంటే బందైతది. ఇంజన్ తిరుగుతున్నది, టైర్లు ఆగి ఉన్నయ్. రెండింటిని ఒక్కసారే కలిపితే బండి ఒక్క దుముకు దుమికి బందు పడుతది. అందుకే నడుమ క్లచ్ ప్లేట్ పెట్టిండ్రు. పెడల్ తొక్కితే ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు సంబంధం తెగుతది. మెల్లగ వదిలితే ప్లేట్ రాసుకుంట రాసుకుంట ఇంజన్ తిప్పుడును అందుకుంటది. ఆ రాసుకునే జాగనే మనం హాఫ్ క్లచ్ అంటం.

ఇది పుస్తకంల చదివితే వచ్చే విద్య కాదు. వడ్ల బస్తాలతోని నిండిన ట్రాలీని కాలువ కట్ట మీదికి ఎక్కించేటప్పుడు ఎంత వదలాలె, ఎప్పుడు రేస్ ఇయ్యాలె అనేది కాలుకే తెలుస్తది. డబుల్ క్లచ్ ట్రాక్టర్ల ఇంకో తిరకాసు ఉంటది. పెడల్ సగం తొక్కితే టైర్లు ఆగుతయ్ కని ఎనుక రోటవేటర్ తిరుగుతనే ఉంటది, మొత్తం తొక్కితెనే అది కూడ ఆగుతది. మన ఊర్లల శానామంది పోరగాళ్లు కారు కంటె ముందు ట్రాక్టర్ మీదనే క్లచ్ నేర్చినోళ్లు. లైసెన్స్ వయసు రాకముందే నేర్చుడు, అది వేరే లొల్లి.

మరి ఈ కాలు పనిని మిషన్ ఎట్ల చేస్తది? అమెరికాల జనరల్ మోటార్స్ కంపెనీ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లల హైడ్రామాటిక్ అనే గేర్‌బాక్స్ పెట్టింది. పెద్ద ఎత్తున అమ్ముడు పోయిన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. అండ్ల క్లచ్ పెడల్ లేదు, ఆ జాగల నూనె నింపిన డబ్బా ఉంటది. ఎదురెదురుగ రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి తిప్పితే గాలికి రెండోది తిరిగినట్టు, ఇండ్ల నూనె తోపుడుకు రెండో పంకా తిరుగుతది. బండి కుదుపు లేకుంట కదులుతది. కని ఆ నూనెల కొంత బలం వృథా అయితది, మైలేజ్ పడిపోతది, ధర కూడ పిరం. పెట్రోల్ అగ్గువకు దొరికే అమెరికాల అది బాగ నడిచింది. 1980 నాటికే అక్కడ కొత్త బండ్లల గేర్‌వి మూడోవంతుకు దిగినయ్, ఇప్పుడు నూటికి ఒకటో రెండో. లీటర్ లెక్క చూసుకునే మన దగ్గర మాత్రం ఆటోమేటిక్ అంటే శానా కాలం పెద్దోళ్ల కారే.

ఆ లెక్క మారింది 2014ల. మారుతి సెలేరియో కారు ఏఎంటీతోని వచ్చింది. ఇది నిజానికి గేర్ కారే. అదే గేర్‌బాక్స్, అదే క్లచ్ ప్లేట్. తొక్కే కాలు, మార్చే చెయ్యి మాత్రం మనవి కావు, కంప్యూటర్ చెప్తే ఒక చిన్న యంత్రం ఆ రెండు పనులు చేస్తది. గేర్ మోడల్ కంటె సుమారు అరలక్ష ఎక్కువ పెడితే చాలు, మైలేజ్ దాదాపు అంతే. టాటా, మహీంద్రా, రెనో కూడ అదే బాట పట్టినయ్. గేర్ మారేటప్పుడు కొంచెం ఊగినట్టయితది, కని హైదరాబాద్ ట్రాఫిక్ల గంటసేపు క్లచ్ తొక్కే బాధ కంటె అది నయమనుకున్నరు జనం. సీవీటీ, డీసీటీ అని ఇంకా రకాలున్నయ్. వాటి ధర ఎక్కువ, రిపేరింగ్ ఇంకా ఎక్కువ.

ఏఎంటీ క్లచ్‌ను దాచిపెట్టింది. కరెంటు కార్ల అయితే క్లచ్చే ఉండదు. మోటర్ సున్నా నుంచే పూర్తి బలంతోని లాగుతది, పదివేల చుట్లు దాటి కూడ తిరుగుతది, అందుకే దానికి ఒక్క గేర్ సరిపోతది. క్లచ్ ఎవరు తొక్కాలనే ప్రశ్ననే లేదు. దీనికి తోడు ముందటి బండిని చూసి తనంత తానే బ్రేక్ కొట్టుకునే, మళ్ల కదిలే ఏర్పాట్లు కొత్త కార్లల వస్తున్నయ్. బండి ఆగినప్పుడు క్లచ్ తొక్కేటందుకు మనిషి కాలే కావాలంటే ఆ ఏర్పాటు సగంలనే ఆగిపోతది. గేర్ కార్లకు పేరుబడ్డ యూరప్‌ల కూడ ఇదే జరుగుతున్నది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కారు కొత్త రూపుల 2024ల వచ్చినప్పుడు దాంట్ల గేర్ మోడల్ లేనే లేదు.

ఇండ్ల మంచి ఉన్నది, దాన్ని కాదనను. సిటీ బస్ డ్రైవర్ ఒక డ్యూటీల క్లచ్ ఎన్ని వందల సార్లు తొక్కుతడో లెక్క పెట్టుకోండ్రి. మోకాళ్లు అరిగిన డ్రైవర్లు మన ఇండ్లల్లనే ఉన్నరు. ఆ బరువు మిషన్ మోస్తే సంతోషమే. ‘గేర్ నడిపినోడే మొగోడు’ అనే మాటలు నాకు నచ్చయ్, క్లచ్ మీసం కాదు. ఆటోమేటిక్ వచ్చినంక స్టీరింగ్ పట్టిన ఆడిపిల్లలు, పెద్దమనుషులు ఎంతమందో.

నా పేచీ వేరే ఉన్నది. డ్రైవింగ్ అనేది చదువు నడుమల ఆగిపోయినోడికి దొరికే కొన్ని పనులల ఒకటి. లారీ, వ్యాన్, టాక్సీ లాంటి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధనను కేంద్రం 2019ల తీసేసింది. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్స్ ఉన్నోళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి కూడ నడపచ్చు, వేరే అనుమతి అక్కర లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ల తీర్పిచ్చింది. అంటే ఒక్క లైసెన్స్‌తోని చిన్న ట్రాలీ కాడికెల్లి వ్యాన్ దాంక బతుకుదెరువు దొరుకుతది. కని ఆ బండ్లు ఏమున్నయ్? బొలేరో పికప్, టాటా ఏస్, డీసీఎం, స్కూల్ బస్సు. వీటిల కరెంటువి, ఆటోమేటిక్‌వి ఇంకా తక్కువ, మిగిలినవన్నీ క్లచ్ బండ్లే. లైసెన్స్ కార్డు మీద మాత్రం మన దగ్గర గేర్ కారు, ఆటోమేటిక్ కారు అని తేడా రాయరు. ఆటోమేటిక్ కారు మీద నేర్చి టెస్ట్ పాసైన పిల్లగాడు కాగితం మీద డీసీఎం నడపచ్చు. నిజంగ ఎక్కితే లోడుతోని ఎత్తు మీద ఎనుకకు జారుతడు. ఎనుకున్నోళ్ల ప్రాణం మీదికి వస్తది.

మెకానిక్ షెడ్ల సంగతి కూడ ఇట్లనే ఉన్నది. మామూలు కారుకు క్లచ్ ప్లేట్ మార్చాలంటే మండలంల మెకానిక్ చాలు, పానాలు, జాకీ ఉంటే పని అయితది. ఏఎంటీ కారుకు అదే ప్లేట్ మార్చినంక కంప్యూటర్‌కు కొత్త ప్లేట్ ఏడ పట్టుకుంటదో స్కానర్ పెట్టి మళ్ల నేర్పాలె. ఆ స్కానర్ లేనోడు కారును సిటీ సర్వీస్ సెంటర్‌కు పంపుతడు. ఇరవై ఏండ్ల చేతి పని ఒక్క డబ్బా ముందట ఆగిపోతది. కరెంటు కారైతే హైఓల్టేజ్ బ్యాటరీ, ట్రైనింగ్ లేకుంట ముట్టుకునుడే ప్రమాదం.

బస్సులల ఇంకో ముచ్చట ఉన్నది. హైదరాబాద్‌ల 2019ల 40 ఎలక్ట్రిక్ బస్సులు దిగినయ్. కిలోమీటర్‌కు ఇంత అని ఆర్టీసీ కంపెనీకి కిరాయి కడతది, డ్రైవర్‌ను కంపెనీ పెడతది. క్లచ్ పోయిన బస్సుల డ్రైవర్ కాలుకు సుఖమే. కని ఆ సీటుల కూసున్నోడు ఆర్టీసీ ఉద్యోగి కాదు. క్లచ్ పోయినందుకు ఉద్యోగం పోలేదు, ఈ బస్సులను తెచ్చిన పద్ధతితోని పోయింది. ఈ రెండింటినీ కలిపి ‘టెక్నాలజీ వచ్చింది, ఏం చేస్తం’ అని చెప్పేటోళ్లను అడుగుండ్రి, కరెంటు బస్సుకు ఆర్టీసీ డ్రైవర్ ఎందుకు పనికి రాడని.

రాష్ట్రంల 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తున్నమని సర్కార్ చెప్తున్నది. మీ జిల్లాల అసొంటిది ఉంటే పోయి అడగండ్రి. కరెంటు బండి రిపేర్ ఎప్పుడు నేర్పుతరు, ఎన్ని సీట్లు, ఇప్పటికే షెడ్డు నడిపే మెకానిక్‌కు రాత్రి క్లాసు పెడతరా?

డ్రైవింగ్ స్కూల్ల చేరేటోళ్లకు ఒక మాట. ఫీజు కట్టకముందే ‘నేర్పే బండి ఏది?’ అని అడగండ్రి. గేర్ కారు మీద నేర్చినోడికి ఆటోమేటిక్ ఒక్క దినంల అలవాటైతది. మొదట్ల ఎడమ కాలు క్లచ్ అనుకొని బ్రేక్ మీద పడుతది, దాన్ని పక్కకు పెట్టుకుంటే చాలు. ఆటోమేటిక్ మీద నేర్చినోడు గేర్ బండికి రావాలంటే మళ్ల మొదటి నుంచి. జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి దుబాయ్ డ్రైవర్ పనికి పోదామనుకునేటోళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ మన లెక్క కాదు, లైసెన్స్ మీదనే తేడా రాస్తరు. ఆటోమేటిక్ మీద టెస్ట్ ఇస్తే గేర్ బండి నడిపే హక్కు ఉండదు, గేర్ బండి మీద ఇస్తే రెండూ నడపచ్చు. ఏజెంట్ ‘ఆటోమేటిక్ అయితే అల్కగ పాసైతవ్’ అంటడు. నువ్వు పోయే పనిల బండి కారా, పికప్పా, అది ముందు కనుక్కో.