మిల్లులో కాఫీ

ముంబయిలో లోయర్ పరేల్ చుట్టుపట్లకు గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని పాత పేరు. ఇప్పుడక్కడ పొగగొట్టాల పక్కనే ఆకాశహర్మ్యాలు లేచినవి. ఒక పాత బట్టలమిల్లు షెడ్డులో కాఫీ దుకాణం వున్నదంటే వెళ్ళాము. ఇనుపదూలాల కింద గింజలు వేయించే యంత్రం తిరుగుతున్నది. గింజలు మన అరకువే! చికోరీ కలపరు, అడిగితేగాని పాలు పోయరు. (మా శ్రీమతి ఒక్క గుక్కతో సరిపెట్టుకున్నది.) నాకు మాత్రం రుచించింది.

1982 జనవరి 18న ఇక్కడి మిల్లుల్లో సమ్మె మొదలైంది. సుమారు 2½ లక్షలమంది పని మానారు. వేలమందికి మళ్ళీ ఆ పని దొరకలేదు. తెలంగాణా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మన పద్మశాలీలు కూడా వారిలో వున్నారు.

దుకాణం గోడమీద పాతమిల్లు ఫొటో పెట్టారు. మరమగ్గాలు బారులు తీరి వున్నవి. నేసినవాడు ఒక్కడూ కనబడడు.