పోర్టు చెడినా ఆగని సర్వరు: ద్వీపాలలో రెండో దారి అవసరం

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ప్రధానంగా ఉపగ్రహ అనుసంధానం మీదనే ఆధారపడిన ఈ దీవులలో నేడు ఆసుపత్రులు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాల పనులెన్నో నెట్‌వర్కుతో ముడిపడి ఉన్నాయి. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరికి డబ్బు పంపాలన్నా ఇదే ఆధారం. అయితే కడలి దాటి వచ్చిన సమాచారం చివరకు ప్రవేశించేది సర్వరు వెనుకనున్న చిన్న పోర్టులోకి. అది చెడితే ఆ సర్వరు ఉన్నా లేనట్టే.

ఉప్పుగాలి, తేమ లోహపు కొనలను తినివేస్తాయి. విద్యుత్తు హెచ్చుతగ్గులు కార్డును దెబ్బతీస్తాయి. హైదరాబాదులోనైతే కొత్త కార్డు సాయంత్రానికి దొరకవచ్చు. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధాన భూభాగం నుంచి ఓడలో రావాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకు అక్కడి నుంచి మరో ప్రయాణం.

ఇందుకు ఉపాయం, సర్వరులోని రెండు పోర్టులను జతకట్టడం. లినక్స్‌లో దీనిని బాండింగ్ అంటారు. విండోస్ సర్వరులో 2012 సంచిక నుంచి టీమింగ్ పేరుతో ఇటువంటి సదుపాయమే ఉన్నది. ‘యాక్టివ్-బ్యాకప్’ పద్ధతిలో ఒక పోర్టు పనిచేస్తుంటే రెండవది వేచి ఉంటుంది. ఐపీ చిరునామా పోర్టుకు కాక జతకు చెందుతుంది. మొదటి పోర్టు లింకు ఉన్నదో లేదో సర్వరు సాధారణంగా ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి చూసుకుంటుంది. తెగితే రెండవదానిని రంగంలోకి దించి, ఆ చిరునామా ఇకపై ఈ దారిలో ఉన్నదని స్విచ్‌కు ప్రకటన పంపుతుంది. వాడుకరికి క్షణకాలపు తడబాటు తప్ప మరేమీ తెలియదు.

చిక్కంతా ఆ ‘తెలియకపోవడం’లోనే ఉన్నది. మొదటి పోర్టు చెడినట్టు హెచ్చరిక వచ్చే ఏర్పాటు లేకపోతే, సర్వరు నెలల తరబడి ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. రెండవది కూడా చెడిననాడు గాని విషయం బయటపడదు. లినక్స్‌లో బాండ్ స్థితిని తెలిపే ఫైలులో ఏ పోర్టు పనిచేస్తున్నదో, ఏది ఎన్నిసార్లు తెగిందో స్పష్టంగా ఉంటుంది. దానిని గమనించి సందేశం పంపే చిన్న ప్రోగ్రాము రాయించడం పెద్ద ఖర్చు కాదు. ఆ సందేశం అందిన రోజే విడి కార్డుకు ఆర్డరు పెట్టాలి.

రెండు పోర్టులు ఒకే కార్డు మీద ఉన్నా, రెండు తీగలు ఒకే స్విచ్‌కు వెళ్లినా రక్షణ సగమే. ఇంటికి రెండు తలుపులుండి రెండూ ఒకే సందులోకి తెరుచుకుంటే, సందు మూసుకుపోయిననాడు రెండూ ఒక్కటే. వేరు కార్డులు, వేరు స్విచ్‌లు, వీలైతే వేరు విద్యుత్ సరఫరా ఉండాలి.

లింకు దీపం వెలుగుతున్నా సమాచారం కదలని సందర్భాలు మరింత మోసకరమైనవి. స్విచ్‌కు అవతల దారి తెగితే ఈ పరిస్థితి వస్తుంది. అటువంటి చోట లింకును కాక, గేట్‌వే వంటి చిరునామాను పలకరించి బదులు వస్తున్నదో లేదో చూసే ఏఆర్‌పీ పర్యవేక్షణను ఎంచుకోవాలి. వస్తూ పోతూ ఉండే పోర్టు ఇంకొక తలనొప్పి. అది కోలుకున్న ప్రతిసారీ సర్వరు దానివైపు మళ్లితే సేవ పదేపదే తడబడుతుంది. ప్రస్తుత పోర్టు విఫలమైతే తప్ప మారవద్దని అమర్చుకోవచ్చు.

దూర ద్వీపంలోని సర్వరును మరో చోట నుంచి సవరించేవారు ముందుగా దాని నిర్వహణ పోర్టుకు విడిగా దారి ఉన్నదో లేదో చూసుకోవాలి. లేకుంటే ఒక తప్పు అక్షరంతో తమ దారి తామే మూసుకుంటారు.

అమరిక పూర్తయ్యాక రద్దీ లేని వేళ మరో కంప్యూటరు నుంచి పింగ్ నడుపుతూ మొదటి తీగను ఊడదీసి చూడాలి. బదులు కొనసాగితే, హెచ్చరిక కూడా వచ్చిందని నిర్ధారించుకుని, తీగను తిరిగి పెట్టి, రెండవదానికీ అదే పరీక్ష చేయాలి.