బాణం ఎందుకు దారి తప్పుతుంది?

అమెరికాలో వేసవి ముగింపునకు వస్తున్నదంటే విలుకాండ్రలో సందడి మొదలవుతుంది. అక్కడి అనేక రాష్ట్రాలలో శరదృతువున విల్లంబులతో జింకలను వేటాడేందుకు ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. నెలల తరబడి పెరటిలో గురిపలక మీద సాధన చేసిన వేటగాడు ఇప్పుడు తన బాణానికున్న సన్నని సాధన ములికిని విప్పి, మంగలికత్తి వలె పదునైన అలుగులు గల వెడల్పాటి వేట ములికిని బిగిస్తాడు. దీనినే వారు బ్రాడ్‌హెడ్ అంటారు. విల్లు అదే, బాణం అదే, చేయి అదే. బరువు కూడ అదే. రెండు ములుకులూ నూరేసి గ్రెయిన్లు, అనగా సుమారు ఆరున్నర గ్రాములు. అయినా నిన్నటివరకు ఇరవై గజాల దూరాన పిడికెడు మేరలో గుమిగూడిన బాణాలలో నేడు ఒకటి జానెడు ఎడమకు పోతుంది, మరొకటి బెత్తెడు క్రిందికి దిగుతుంది.

గురిపలక మీద ఇది చిన్న లోపమే. అడవిలో మాత్రం కాదు. తుపాకీ గుండు బలమైన ఆఘాతంతో చంపుతుంది. బాణం అలా చంపదు. దాని అంచులు రక్తనాళాలను కోయగా, రక్తస్రావం వల్ల జంతువు మరణిస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. బాణం అక్కడ నాటితే జంతువు కొద్ది క్షణాలలోనే కూలిపోతుంది. జానెడు వెనుకకు తగిలితే కడుపులో గాయంతో గంటల తరబడి బాధపడి, ఎవరికీ కనబడని పొదలలో ప్రాణం విడుస్తుంది. కనుక బాణం ఎందుకు దారి తప్పిందన్న ప్రశ్న నైపుణ్యానికి మాత్రమే సంబంధించినది కాదు. ఒక మూగజీవి ఎంత బాధపడుతుందన్నది దాని జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

ఆధునిక అమెరికాలో ఈ విద్యకు ప్రాణం పోసినవారిలో ఒకరు ఆదివాసి. యాహీ తెగలో చివరివాడైన ఇషీ 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణం వద్ద బయటి ప్రపంచానికి కనిపించాడు. శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఆశ్రయం పొందిన అతనికి వైద్యం చేసిన డాక్టర్ శాక్స్టన్ పోప్, అతని వద్దనే విల్లు చెక్కడం, బాణం తీర్చడం నేర్చుకున్నాడు. ఇషీ 1916లో క్షయవ్యాధితో మరణించాడు. పోప్ 1923లో విలువేటను గురించి ఒక గ్రంథం ప్రచురించగా, అది ఎందరినో ఈ విద్య వైపు ఆకర్షించింది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విలుకాండ్రకు ప్రత్యేకమైన జింకల వేట కాలాన్ని తొలిసారిగా ఏర్పాటు చేసింది. మిస్సోరీ వాసి హాలిస్ ఆలెన్ కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లుకు 1969లో పేటెంటు పొందాడు. దానితో బాణం వేగం ఎంతో హెచ్చింది; నేటి కాంపౌండ్ విల్లు నుండి వెడలే బాణం సెకనుకు 80 మీటర్లకు పైబడిన వేగంతో పోగలదు. వేగంతోబాటు ఈ చిక్కు కూడ పెరిగింది.

వెడల్పాటి ములికి మనకు కొత్తది కాదు. మన ఇతిహాసాలలోని వీరులు ప్రయోగించిన భల్లం ఇటువంటిదే. క్షురప్రమన్న పేరులోనే మంగలికత్తి ఉన్నది. మరి అలుగు వెడల్పయితే బాణానికి ఏమవుతుంది?

ముందు రెక్కలు, వెనుక రెక్కలు

బాణం వెనుకనున్న పింజకు ఒకటే పని. తోక ఏ వైపుకు తొలగినా గాలి ఆ ఈకలను నెట్టి, దానిని మళ్ళీ ములికి వెనుకకు చేరుస్తుంది. సన్నని సాధన ములికికి గాలి పట్టుకోదగిన తలం దాదాపు లేదు. అందువల్ల బాణం కొంచెం వంకరగా వెడలినా, పింజ ఆ లోపాన్ని త్వరగా దిద్దుతుంది. విలుకాడికి తప్పు కనబడనే కనబడదు.

వేట ములికి సంగతి వేరు. దాని అలుగులు ముందు భాగాన మొలిచిన రెక్కల వంటివి. బాణం ఏ కొంచెం పక్కకు వాలి వెడలినా, గాలి ఆ అలుగులను పట్టి ముక్కును మరింత పక్కకు తిప్పుతుంది. వెనుక రెక్కలు ఒక వైపుకు లాగుతుంటే, ముందు రెక్కలు మరొక వైపుకు లాగుతాయి. తప్పును సృష్టించినది ఈ ములికి కాదు. అంతకు ముందే ఉన్న తప్పును ఇది బయటపెట్టింది.

తప్పు ఎక్కడున్నదో కనిపెట్టడానికి అనుభవజ్ఞులు ఒక సులువైన పద్ధతి అనుసరిస్తారు. బాణాలన్నిటికీ అంకెలు వేసి, ప్రతిదానినీ పలుమార్లు సంధించి, ఏది ఎక్కడ నాటినదో వ్రాసుకుంటారు. ఆ పట్టిక మూడు రకాల జవాబులు ఇస్తుంది.

ఒకే బాణం తప్పుతుంటే

నాలుగవ బాణం మాత్రమే ప్రతిసారీ పక్కకు పోతే, దోషం ఆ బాణానిది. దానిని ములికి మొనపై గట్టి బల్ల మీద నిలబెట్టి బొంగరం వలె త్రిప్పాలి. ములికి, కాండం కలిసే చోట వణుకు కనిపిస్తే అవి ఒకే సరళరేఖలో లేవన్నమాట. కాండం చివర నిటారుగా కోయబడకపోయినా, ములికి బిగించే మర వంకరగా అతుక్కున్నా ఇలా జరుగుతుంది. అదే ములికిని మరొక బాణానికి బిగించి చూస్తే దోషం ములికిదో, కాండానిదో తేలిపోతుంది. నారి పట్టే గాడి పగిలినా, వదులైనా, ఒక ఈక ఊడినా ఫలితం ఇదే. కార్బన్ కాండంలో పగులు ఉన్నదేమో వంచి చూడకుండ దానిని ఎన్నడూ సంధించరాదు. పగిలిన కాండం విడిచేటప్పుడు చేతిలోనే చీలి, వ్రేళ్ళలో గుచ్చుకోగలదు.

అన్నీ ఒకే వైపుకు పోతుంటే

వేట ములుకులన్నీ గుమిగూడి, అయితే సాధన ములుకులకు దూరంగా నాటుతుంటే, దోషం వింటి అమరికలో ఉన్నది. లేదా వింటికి, కాండానికి పొత్తు కుదరలేదు.

నారి నెట్టినప్పుడు బాణం నిటారుగా ఉండదు. చేప వలె వంగుతూ, మళ్ళీ తిన్ననవుతూ ముందుకు సాగుతుంది. క్లారెన్స్ హిక్మన్, పాల్ క్లాప్‌స్టెగ్ వంటి అమెరికన్ శాస్త్రజ్ఞులు 1930లలో అతివేగ ఛాయాచిత్రాల ద్వారా ఈ వంపును చూపారు. కాండం బిరుసును కొలవడానికి ఒక ప్రమాణం ఉన్నది. 28 అంగుళాల ఎడమున్న రెండు ఆధారాలపై కాండాన్ని ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వ్రేలాడదీస్తారు. అది అంగుళంలో వెయ్యింట 400 వంతులు, అనగా సుమారు 10 మిల్లీమీటర్లు, క్రుంగితే దానిని 400 కాండమంటారు. అంకె తగ్గిన కొద్దీ బిరుసు హెచ్చు. ములికి బరువు పెంచినా, కాండం పొడవు పెంచినా, వింటి బలం పెంచినా కాండం మరింత మెత్తనిదైనట్లు ప్రవర్తిస్తుంది. సాధన ములికి కంటె బరువైన వేట ములికిని బిగించినవాడు తనకు తెలియకుండానే బాణం స్వభావాన్ని మార్చినట్లే.

కాండం తగినదే అయితే, తరువాతి పరీక్ష కాగితంది. చట్రానికి బిగించిన కాగితం గుండా, ఆరేడు అడుగుల దూరం నుండి, సాధన ములికిగల బాణాన్ని వేయాలి. చిన్న రంధ్రం, దాని చుట్టూ ఈకల గుర్తులు మాత్రమే ఉంటే బాణం తిన్నగా వెడలినట్లు. పొడవుగా చిరిగితే తోక ఏ వైపుకు తొలగినదో ఆ చిరుగే చెబుతుంది. ఈ దశలో కాంపౌండ్ వింటి కప్పీలు రెండూ ఒకే క్షణాన తిరుగుతున్నవో లేదో చూడడం అవసరం.

చివరి సవరణ గురిపలక ముందు జరుగుతుంది. వేట ములుకులు సాధన ములుకులకు ఎడమగా నాటితే, బాణం ఆనుకునే ఊతను కుడికి జరపాలి; కుడిగా నాటితే ఎడమకు. క్రిందుగా నాటితే ఊతను కొంచెం పైకెత్తాలి, లేదా నారిపై బాణం పట్టే స్థానాన్ని కొంచెం దించాలి. ప్రతిసారీ అంగుళంలో 32వ వంతు చాలు. ఒక సవరణ ఫలితం చూడకుండ రెండవది చేయరాదు. ఒకేసారి మూడింటిని మార్చినవాడికి ఏ మార్పు మేలు చేసినదో ఎన్నటికీ తెలియదు.

ఏ వరుసా లేకపోతే

బాణాలు ఒకసారి కుడికి, ఒకసారి పైకి, ఏ నియమమూ లేకుండ చెదిరితే రెండు అనుమానాలు కలగాలి. ఒకటి, పింజ ఎక్కడో రాసుకుంటున్నది. ఈకల మీద మెత్తని పౌడరు చల్లి బాణం వేస్తే, ఊత మీదనో వింటి మీదనో గుర్తు పడుతుంది. రెండవది, విలుకాడి చేయి. వింటి పిడిని బిగించి పట్టుకున్నవాడు తనకు తెలియకనే దానిని మెలిపెడతాడు. నారి చెక్కిలికి గట్టిగా ఒత్తుకున్నా, విడిచే క్షణాన చేయి జారినా ఫలితం మారుతుంది. సాధన ములికి క్షమించే ఈ తప్పులను వేట ములికి క్షమించదు.

కొందరు ఈ శ్రమకు వెరచి, తగిలినప్పుడు మాత్రమే అలుగులు విచ్చుకునే యాంత్రిక ములుకులను వాడతారు. మూసి ఉన్నంతసేపు వీటిని గాలి అంతగా పట్టదు కనుక అవి సాధన ములుకుల వలెనే ఎగురుతాయి. అయితే వంకరగా వెడలిన బాణం వంకరగానే తగులుతుంది, దాని బలంలో కొంత వృథా అవుతుంది. పింజను పెద్దది చేసి, ఈకలను కాస్త మెలిత్రిప్పి అతికించడం కూడ మేలు చేస్తుంది, కాని అమరికలోని దోషానికి అది ప్రత్యామ్నాయం కాదు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిమృగాలకు రక్షణ కల్పించింది. మన విలుకాండ్ర లక్ష్యం గురిపలకయే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకాలు గెలిచిన విజయవాడ వనిత వెన్నం జ్యోతి సురేఖ ధరించినది కూడ కాంపౌండ్ విల్లే. అంకెలు వేసిన బాణాలు, కాగితపు పరీక్ష, ఒక్కొక్క సవరణ అన్న క్రమశిక్షణ క్రీడాకారులకూ ఉపయోగపడుతుంది.

వేటగాడికి మాత్రం చివర మరొక లెక్క మిగులుతుంది. తన వేట ములుకులన్నీ, ఒక్కటైనా తప్పకుండ, చిన్న పళ్ళెం మేరలో నాటే దూరం ఎంత? ఇరవై గజాలయితే ఇరవై గజాలే అతని హద్దు. ఇరవై అయిదవ గజంలో ఎంత అందమైన జింక నిలిచినా, వివేకి అయిన వేటగాడు నారిని మెల్లగా సడలించి, బాణాన్ని అమ్ములపొదిలో వేసుకుంటాడు.