మొదటి బండి కొనేవారు ముందు కాలు ఆనుతుందో లేదో చూసుకోండి

ధాన్యం డబ్బులు చేతికొచ్చే రోజుల్లో మోటారు సైకిళ్ల షోరూములు కళకళలాడుతుంటాయి. అర ఎకరం, ఎకరం చేసుకునే రైతుకు కూడా ఇవాళ బండి లేకపోతే పని జరగడం లేదు. పొద్దున్నే కేంద్రానికి పాలు పొయ్యాలి, చేలో నీళ్లు చూసుకోవాలి, ఎరువుల కొట్టుకు వెళ్లాలి, మధ్యలో పిల్లల్ని బడి దగ్గర దించాలి. ఇన్నాళ్లూ సైకిలు మీద నెట్టుకొచ్చిన నలభై ఏళ్ల తండ్రి, మొన్ననే పద్దెనిమిది నిండిన కొడుకు ఒకే బండి మీద నేర్చుకుంటున్న ఇళ్లు మన డెల్టాలో చాలానే ఉన్నాయి.

షోరూములో ఇద్దరూ అడిగే మొదటి మాట 'మైలేజి ఎంతిస్తుంది?' రెండోది 'ఫైనాన్సు ఉందా?' బండి తోలడం ఇంకా రాని మనిషి వీటికంటే ముందు తనని తాను అడగాల్సింది ఒకటుంది. 'ఇది పక్కకు ఒరిగితే నేనొక్కణ్ణే ఆపగలనా?' అని.

మైలేజి సంగతే చూద్దాం. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగే రైతుకు లీటరుకు 60 ఇచ్చే బండికి, 65 ఇచ్చే బండికి తేడా నెల మొత్తం మీద ఒక్క లీటరు పెట్రోలు. కొత్తలో ఒక్కసారి పడి బ్రేకు లీవరు, ఇండికేటరు, అద్దం విరిగితే ఆ ఆదా ఎన్ని నెలలదో పోతుంది. మోకాలు పగిలితే చెప్పేదేముంది, నాట్ల వేళ మంచంలో ఉండాలి.

కాలు ఆనాలి

నేర్చుకునేవారు స్పీడు మీద పడేది తక్కువ. బండి ఆగబోయేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు, ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు తప్పుకునేటప్పుడు పడతారు. అప్పుడు కాపాడేది కాలే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ మడమతో సహా నేలకు ఆనాలి. మునివేళ్లు మాత్రమే తగిలితే ఆ బండి మీకు ఎత్తు అన్నమాట.

ఇక్కడొక చిక్కుంది. షోరూములో నేల నున్నగా సమంగా ఉంటుంది. మన కాలవ గట్లు అలా ఉండవు. నడుమ ఎత్తు, రెండు పక్కలా వాలు. గట్టు అంచున ఆగి కాలు దించితే నేల నాలుగైదు అంగుళాలు కిందకు ఉంటుంది. బండితో సహా మనుషులు కాలవలో పడేది ఇలాగే. అందుకని టెస్టుకు బండి ఇచ్చినప్పుడు రోడ్డు మార్జిన్లోకి దించి, వాలులో ఆపి చూడండి. షోరూము కుర్రాడు విసుక్కున్నా ఫర్వాలేదు, డబ్బు మీది.

అంకెలు చెప్పుకుంటే, స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, సీటు ఎత్తు దాదాపు 31 అంగుళాలు. హోండా 2023లో తెచ్చిన షైన్ 100 ఇంకా తేలిక, 99 కిలోలు. ఎత్తు ఇంచుమించు అంతే. హెచ్ఎఫ్ డీలక్స్, ప్లాటినా 100 సీట్లు వీటికంటే ముప్పావు అంగుళం పైన ఉంటాయి. పొట్టివారికి ఆ ముప్పావు అంగుళమే తేడా తెస్తుంది. 150 సిసి బళ్లు 140, 150 కిలోల దగ్గర ఉంటాయి. బుల్లెట్ 350 అయితే 195 కిలోలు, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు రెండున్నర! కుర్రాళ్లకు మోజు ఉండొచ్చు. నేర్చుకోవడానికి మాత్రం అది బండి కాదు.

చీర కట్టుకుని పాలకు, కూరగాయలకు తిరిగే ఆడవారికి, పెద్ద వయసులో నేర్చుకునేవారికి టీవీఎస్ ఎక్సెల్ 100 లాంటి మోపెడ్ మేలు. బరువు 90 కిలోల లోపే. క్లచ్చు, గేర్ల గొడవ లేదు, బస్తా కాళ్ల ముందే పెట్టుకోవచ్చు. దీనికి లైసెన్సు అక్కర్లేదని చాలామంది తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఇస్తున్నారు. అది తప్పు. పదహారేళ్లవారికి అనుమతి 50 సిసి వరకే. ఇది 99.7 సిసి. పద్దెనిమిది నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019లో చట్టం మార్చాక మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేలు జరిమానా పడతాయి.

బ్రేకు, బరువు

'ముందు బ్రేకు జోలికి వెళ్లకు, పల్టీ కొడతావు' అని ఊళ్లో ప్రతివాడూ చెబుతాడు. నిజానికి గట్టి రోడ్డు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సిసి లోపు కొత్త బళ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. కాలి బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. నేర్చుకునేవారికి ఇది మంచి సాయం. పాత బండి కొంటే ఇది ఉండకపోవచ్చు, గుర్తుంచుకోండి.

కోతల తర్వాత మన రోడ్ల సగం మేర ధాన్యం ఆరబోస్తాం. చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి నల్ల పరదా కప్పుతాం. చీకట్లో ఆ పరదా కనపడదు. గింజల మీద, ఇసుక మీద, తడి రేగడి మీద బ్రేకు పట్టారా, చక్రం జారుతుంది. అక్కడికి రాకముందే స్పీడు తగ్గించుకోవాలి. నేర్చుకునే నెల్లాళ్లూ రాత్రి ప్రయాణం పెట్టుకోకపోవడమే ఉత్తమం.

అన్నిటికన్నా ఎక్కువ ముప్పు బరువుది. బండి వచ్చిన మూడో రోజే పాల క్యాన్లు తగిలిస్తున్నారు. వెనక బరువు పెరిగితే ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిలు ఊగుతుంది. సగం నిండిన క్యాను ఇంకా ప్రమాదం, మలుపులో పాలు ఒక పక్కకు కొట్టి బండిని లాగుతాయి. కోత అయిన మడిలోనో, హైస్కూలు గ్రౌండులోనో ముందు ఖాళీ బండి మీద క్లచ్చు వదలడం, ఆపడం, ఎనిమిది ఆకారంలో తిప్పడం బాగా వచ్చాకే బరువు ఎత్తండి. అదీ ఒకేసారి 45 కిలోల యూరియా బస్తా కాదు, పది, పదిహేను కిలోలతో మొదలు. బరువు రెండు పక్కలా సమంగా, వీలైనంత కిందకు ఉండాలి. కంపెనీవారు చెప్పిన మేరకు వెనక టైరులో గాలి పెంచాలి.

అప్పు, కాగితాలు

ఫైనాన్సువారు '10 శాతమే వడ్డీ' అంటే అది ఫ్లాటా అని అడగండి. 60 వేల అప్పు రెండేళ్లకు 10 శాతం ఫ్లాటు అంటే నెలకు 3 వేలు కట్టాలి. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 60 వేల మీదే వేస్తారు. మన లెక్కలో చూస్తే అది నూటికి నెలకు రూపాయిన్నర. బ్యాంకు ఇచ్చే రేటుతో పోల్చుకుని సంతకం పెట్టండి.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు పరీక్షకు వెళ్లొచ్చు. ఈలోగా ఎల్ బోర్డు ఉండాలి. లైసెన్సు ఉండి నేర్పించే మనిషిని తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు, బడికి వెళ్లే పిల్లల్ని కూడా. యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా దక్కాలంటే చెల్లే లైసెన్సు ఉండాలి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తుదే కొనండి.

నా మటుకు, నేర్చుకోవడానికి మంచి పాత బండి దొరికితే అదే కొనమంటాను. ఎలాగూ ఒకటి రెండుసార్లు పడుతుంది. వెనక నిలబడి రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయా చూడండి. నీలం పొగ వస్తే ఇంజనాయిలు మండుతున్నట్టే. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిచూడండి. అమ్మినాయన దగ్గర 29, 30 ఫారాల మీద సంతకాలు, అప్పు తీరిన బండైతే ఫైనాన్సువారి 35వ ఫారం తీసుకోండి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఎన్ఓసీ చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. అమ్మేవారూ వినండి. ఆర్సీ పేరు మారేదాకా ఆ బండి ఎవరిని గుద్దినా పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.